వావి వరసలు మనకు ఎవరు నేర్పారు?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నాకిచ్చిన విషయం చాలా పెద్దది. సంస్కృతి, భాష, సమాజం కలిసి మనిషి ఆలోచననీ, విలువల్నీ ఎలా తయారుచేస్తాయి అన్నది. ఇంత పెద్ద విషయాన్ని గాలిలో మాట్లాడితే ఇంటికెళ్లేసరికి మీకేమీ మిగలదు. అందుకని ఒక్క సంగతి పట్టుకుంటాను. ఇక్కడున్న ప్రతి ఇంట్లోనూ ఉన్న సంగతి. చుట్టరికం. మనం ఎవరిని ఏమని పిలుస్తాం, ఎవరితో పెళ్లి అంటే సంబరపడతాం, ఎవరితో పెళ్లి అంటే చెవులు మూసుకుంటాం. అంటే వావి వరసలు. ఇంతకంటే గట్టి విలువ మనకింకోటి ఉందా? తిండి విషయంలో రాజీపడతాం, బట్ట విషయంలో రాజీపడతాం, దేవుడి విషయంలో కూడా పడతాం. వావి వరసల దగ్గర రాజీ లేదు. "వావి వరస లేనివాడు" అన్నామంటే వాడు మనిషే కాదన్నట్టు లెక్క.

ఒక ప్రశ్న అడుగుతాను. ముఖ్యంగా కాలేజీ పిల్లల్ని. మీ అమ్మకి ఒక చెల్లెలు, ఒక తమ్ముడు ఉన్నారనుకోండి. ఇద్దరికీ చెరొక ఆడపిల్ల. ఇద్దరూ మీకన్నా చిన్నవాళ్లు. ఒకళ్లది ఒక ఊరు, ఇంకొకళ్లది ఇంకో ఊరు. సంక్రాంతికీ, వేసవి సెలవులకీ అందరూ అమ్మమ్మగారింటికి చేరతారు. ఒకే పెరట్లో ఆడతారు, రాత్రి డాబా మీద ఒకే వరసలో చాపలేసుకుని పడుకుంటారు. ఇప్పుడు చెప్పండి, ఈ ఇద్దరు పిల్లల్లో మీకు ఎవరు దగ్గర? రక్తం లెక్క చూస్తే ఇద్దరూ సమానమే. పిన్ని కూతురితో మీకెంత రక్త సంబంధమో, మామయ్య కూతురితోనూ సరిగ్గా అంతే. పిసరంత తేడా లేదు. డాక్టరుగారు ఇక్కడే కూర్చున్నారు, కావాలంటే అడగండి.

మరి పిన్ని కూతురితో పెళ్లి అంటే? చూశారా, ముఖాలు ఎలా మారిపోయాయో! "అదేంటండీ, చెల్లెలు కదా!" మామయ్య కూతురితో అంటే? ఇప్పుడు నవ్వుతున్నారు. కొందరు తల దించుకుని నవ్వుతున్నారు. నేను ఇంకేమీ చెప్పక్కర్లేదు, మీ ముఖాలే చెప్పాయి. ఒకటే రక్తం, ఒకటే దూరం, ఒకటే పెరడు. ఒక పేరుకి ఛీ, ఒక పేరుకి సిగ్గు. ఎక్కడినుంచి వచ్చింది ఈ తేడా?

నేర్పారు. మీకు మాటలొచ్చిన రోజునుంచీ నేర్పారు. పిన్ని కూతురు ఇంటికొస్తే "చెల్లెలొచ్చిందిరా, నీ బొమ్మ ఇయ్యి" అన్నారు. మామయ్య కూతురొస్తే "ఒరేయ్, నీ మరదలొచ్చిందిరోయ్" అని మీ మామ్మ మొదలుకొని పాలు పోసేవాడి దాకా ఏడిపించారు. మూడేళ్ల పిల్లాడికి పెళ్లంటే ఏం తెలుసు? ఏమీ తెలియదు. కానీ ఒక పేరుకి పెద్దవాళ్లు మామూలుగా ఉంటున్నారు, ఇంకో పేరుకి కళ్లెగరేసి నవ్వుతున్నారు అని తెలుస్తుంది. అంతే చాలు. ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. మామ్మ వేళాకోళమే పాఠం. పదిహేనేళ్లొచ్చేసరికి ఆ తేడా మీ ఒంట్లోకి దిగిపోతుంది. ఇక మీరు దాన్ని ఆలోచన అనుకోరు, నీతి అని కూడా అనుకోరు, అసలు స్వభావమే అంత అనుకుంటారు.

మన పిలుపుల్లో మొత్తం ఏర్పాటంతా ఉంది, ఒక్కసారి చూడండి. నాన్న అన్న పెదనాన్న, తమ్ముడు చిన్నాన్న. అంటే వాళ్లూ నాన్నలే. అమ్మ అక్క పెద్దమ్మ, చెల్లెలు చిన్నమ్మ. వాళ్లూ అమ్మలే. నాన్నల పిల్లలూ, అమ్మల పిల్లలూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తేలిపోయింది. ఇక నాన్న తోడబుట్టిన ఆడది మేనత్త, అమ్మ తోడబుట్టిన మగవాడు మేనమామ. వాళ్ల పిల్లలు బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్లు. రేపు పెళ్లయ్యాక భార్య తల్లిదండ్రుల్ని ఏమంటాం? అత్త, మామ. అక్క మొగుణ్ణి ఏమంటాం? బావ. చెల్లెలి కొడుకు మేనల్లుడు, కూతురి మొగుడు అల్లుడు. పెళ్లి జరగకముందే పెళ్లి తర్వాతి పిలుపు సిద్ధంగా ఉంది. మీరు పుట్టకముందే మీకు ఎవరు పెళ్లికి తగినవాళ్లో, ఎవరు కారో భాష గీత గీసి పెట్టేసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పొచ్చు, అది న్యాయమైనదే. "అన్నీ నేర్పినవేనా? తోడబుట్టినవాళ్ల మీద ఆ ఆలోచన రాకపోవడం సహజం కాదా?" అని. ఫిన్లాండు పండితుడు ఎడ్వర్డ్ వెస్టర్మార్క్ 1891లోనే ఈ మాట అన్నాడు. చిన్నప్పటినుంచీ ఒకే ఇంట్లో పెరిగినవాళ్లకి ఒకరి మీద ఒకరికి అలాంటి కోరిక పుట్టదని. తర్వాత ఆర్థర్ వుల్ఫ్ అనే మానవశాస్త్రవేత్త తైవాన్‌లో దీన్ని పరిశీలించాడు. అక్కడ పాతరోజుల్లో పసిపిల్లని కోడలిగా తెచ్చేసుకుని, కొడుకుతో పాటు పెంచి, పెద్దయ్యాక ఇద్దరికీ పెళ్లి చేసేవారు. ఆ జంటలకి పిల్లలు తక్కువ, విడాకులు ఎక్కువ అని లెక్కలు చూపించాడు. కాబట్టి ప్రకృతి పాత్ర ఉంది, కాదనను. ఒకే కప్పు కింద పెరగడం అన్నదానికి బలం ఉంది.

కానీ పిన్ని కూతురు మీ కప్పు కింద పెరగలేదు కదా! పెదనాన్న పిల్లలంటే సరే, ఉమ్మడి కుటుంబంలో ఒకే కంచంలో తిన్నారు. పిన్ని పిల్లలు? వాళ్ల ఊరు వేరు, ఇల్లు వేరు, ఇంటి పేరు వేరు. మామయ్య పిల్లల్లాగే ఏడాదికి రెండుసార్లు కనిపిస్తారు. అయినా చెల్లెలే. దీన్ని ప్రకృతి మీదకి తోసెయ్యలేం. ఇది మనవాళ్లు నేర్పిందే.

ఇంకా అనుమానం ఉందా? అయితే పక్కింటికి వెళదాం. దూరం వెళ్లక్కర్లేదు, ఇదే ఊళ్లో. మన ఊళ్లలో హిందువులూ ముస్లింలూ గోడకి గోడగా బతుకుతున్నారు. మాట్లాడేది ఒకే తెలుగు, కలిసి చదివింది ఒకే బడి. ముస్లిం ఇంట్లో చిన్నాన్న కూతుర్ని చేసుకోవచ్చు. పిన్ని కూతుర్నీ చేసుకోవచ్చు. అరబ్బు దేశాల్లో అయితే తండ్రి సోదరుడి కూతురే అన్నిటికన్నా మంచి సంబంధం అనుకునే సంప్రదాయం ఎప్పటినుంచో ఉంది. మన హిందూ ఇంట్లో ఆ మాట చెబితే గుండె పట్టుకుంటారు. సరే, మరి మనింట్లో? అక్క కూతుర్ని చేసుకుంటాం. ఆంధ్రాలో, కర్ణాటకలో, తమిళనాడులో మేనకోడలితో పెళ్లి ఎన్నో కులాల్లో మామూలు సంగతి. అది వింటే ముస్లిం ఇంట్లో గుండె పట్టుకుంటారు. ఎందుకంటే అన్న కూతురు, అక్క కూతురు నిషిద్ధం అని ఖురాన్‌లో స్పష్టంగా ఉంది. ఇటు గోడ వాళ్లు అటు చూసి "ఎలా చేసుకుంటారమ్మా!" అంటారు. అటు గోడ వాళ్లు ఇటు చూసి అదే మాట అంటారు. ఇద్దరి అసహ్యమూ నిజమైనదే. ఇద్దరూ నటించడం లేదు.

అదే ఊళ్లో క్యాథలిక్కులున్నారు. వాళ్ల చర్చి చట్టం ప్రకారం మేనమామ కూతురైనా, చిన్నాన్న కూతురైనా పెళ్లికి అడ్డే. బిషప్పుగారి దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటే తప్ప జరగదు. అయినా మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో మేనరికాలు జరుగుతూనే ఉన్నాయి. మతం మారింది, వరస మారలేదు. చుట్టరికం పిలుపు ఎంత లోతుగా పాతుకుపోతుందో దీన్నిబట్టి చూడండి.

ఇక ఉత్తరాదికి వెళ్లండి. ఢిల్లీలోనో, కాన్పూర్‌లోనో హాస్టల్లో చదువుకునే మన పిల్లలు "మా అమ్మానాన్నలు బావామరదళ్లు" అని మామూలుగా చెబితే అవతలివాళ్లు నిర్ఘాంతపోతారు. హర్యానా వైపు చాలా కులాల్లో సొంత గోత్రం, తల్లి గోత్రం, నాయనమ్మ గోత్రం కూడా వదిలేసి పిల్లని వెతకాలి. సొంత ఊరి పిల్ల కూడా పనికిరాదు, ఊరంతా అక్కచెల్లెళ్లే. వాళ్ల దృష్టిలో మామ కూతురు నూటికి నూరుపాళ్లు చెల్లెలు. వాళ్ల ముఖంలో కనిపించే ఆ భావం, ఇందాక పిన్ని కూతురు అనగానే మీ ముఖాల్లో కనిపించిందే. అచ్చంగా అదే.

శాస్త్రాల్లో మన మేనరికం

ఈ తగాదా ఇవాళ్టిది కాదు. రెండు వేల ఏళ్ల కిందటి బౌధాయన ధర్మసూత్రంలో ఉంది. దక్షిణాదివాళ్లకి అయిదు ప్రత్యేకమైన ఆచారాలు ఉన్నాయట, వాటి మీద వివాదం ఉందట. ఏమిటవి? ఉపనయనం కానివాడితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం, మేనమామ కూతుర్ని పెళ్లాడడం, మేనత్త కూతుర్ని పెళ్లాడడం. చద్దన్నం కూడా వివాదమే, చూడండి! అలాగే బౌధాయనుడు ఉత్తరాదివాళ్లకీ అయిదు చెప్పాడు. ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, పైనా కిందా పళ్లున్న జంతువుల వ్యాపారం, ఆయుధాలతో బతకడం, సముద్రం మీద వెళ్లడం. ఎవరి ఆచారం వాళ్ల దేశంలో ప్రమాణం, ఇక్కడిది అక్కడ చేస్తే దోషం, అక్కడిది ఇక్కడ చేస్తే దోషం అన్నాడు. వెంటనే, ఇంకో ధర్మసూత్రం రాసిన గౌతముడు మాత్రం ఇది ఒప్పుకోడు అని కూడా రాశాడు. ఎంత నిజాయితీ చూడండి. ధర్మం చెప్పే పుస్తకంలోనే, ధర్మం ఊరిని బట్టి ఉంటుందా ఉండదా అన్న వాదన నడుస్తోంది.

తర్వాత ఏడో శతాబ్దంలో కుమారిల భట్టు అనే మీమాంస పండితుడు దక్షిణాదివాళ్ల ఈ ఆచారాన్ని తప్పుపట్టాడు. మరి అర్జునుడు సుభద్రని చేసుకున్నాడు కదా? కుంతి వసుదేవుడికి చెల్లెలు. అంటే సుభద్ర అర్జునుడికి అచ్చమైన మేనమామ కూతురు. దీనికి కుమారిలుడు ఏమన్నాడంటే, సుభద్ర కృష్ణుడికి సొంత చెల్లెలు కాదులే అని వాదించాడు. విలువ ఎంత గట్టిగా ఉందంటే, దానికోసం పురాణంలో బంధుత్వాన్నే సవరించాల్సివచ్చింది. విజయనగర కాలంలో, పద్నాలుగో శతాబ్దంలో, మాధవాచార్యుడు పరాశర స్మృతికి వ్యాఖ్య రాస్తూ మేనమామ కూతురితో పెళ్లిని సమర్థించాడు. మన దక్షిణాది పండితుడు, మన ఇళ్లలో జరిగేదాన్ని నిలబెట్టాడు. కాశీవాళ్లకి ఒక శాస్త్రం, కర్ణాటాంధ్ర దేశాలకి ఒక శాస్త్రం. సంస్కృతం ఒకటే, చదివిన వేదం ఒకటే. ఇంట్లో విన్న పిలుపులు వేరు.

పండితుల సంగతి సరే, పామరజనం ఏంచేశారు? ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాను. అభిమన్యుడి భార్య ఎవరు? ఉత్తర అన్నారు కొందరు, శశిరేఖ అన్నారు చాలామంది. వ్యాస భారతంలో శశిరేఖ లేదండీ. అసలు లేదు. ఉత్తర ఒక్కతే. శశిరేఖ మన దక్షిణాది కథ. తమిళులు వత్సల అంటారు. బలరాముడి కూతురు, అంటే అభిమన్యుడికి మేనమామ కూతురు. మన ముత్తాతలు భారతం విన్నారు, విని ఆలోచించారు. బలరాముడికి ఒక కూతురు ఉండాలి కదా, సుభద్రకి అన్న బలరాముడే కదా, మరి ఆ పిల్లని మేనత్త కొడుక్కి ఇవ్వకుండా ఇంకెవరికో ఇస్తారా? ఇస్తే న్యాయమా? అది వాళ్ల ప్రశ్న. అందుకని ఒక కథే పుట్టించారు. ఆ కథ నడిచేదంతా దేని మీద? మాట ఇచ్చి, డబ్బు పోయిందని మేనరికం తప్పడం ఎంత తప్పు అన్నదాని మీద. మేనత్తకి అన్నగారి గడప దగ్గర జరిగిన అవమానం మీద. ఉత్తరాదివాడికి ఈ కథలో ఏడవాల్సింది ఏమీ లేదు. మన ఆడవాళ్లు మాత్రం సుభద్ర అవమానం చూసి కళ్లు తుడుచుకున్నారు. ఒకచోట పాపం అనుకునేది ఇంకోచోట హక్కు అయింది. మేనత్త హక్కు.

చట్టం కూడా ఈ రెంటి మధ్యా నడిచింది. 1955 హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య, మేనమామా మేనకోడళ్ల మధ్య పెళ్లి నిషిద్ధం అంటుంది. వెంటనే, "వాళ్ల ఆచారం ఒప్పుకుంటే తప్ప" అని మినహాయింపు ఇస్తుంది. ఆ చిన్న మినహాయింపు మీదే మన దక్షిణాదిలో లక్షల కాపురాలు చట్టబద్ధంగా నిలబడ్డాయి. సపిండ నిషేధం, అంటే దగ్గరి రక్తబంధువుల మధ్య పెళ్లి కూడదన్న నియమం, చెల్లదని వేసిన పిటిషన్‌ని 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఆచారం ఉందని రుజువు చేసుకోలేకపోతే అక్కడ పెళ్లి రద్దే. ఇక్కడ రుజువు ఎవరూ అడగనే అడగరు. ఊరంతా సాక్ష్యమే.

పాశ్చాత్యులకి ఇవన్నీ లేవనుకోకండి. చార్లెస్ డార్విన్ 1839లో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ని పెళ్లాడాడు. ఎవరావిడ? ఆయన తల్లి తమ్ముడి కూతురు. మన లెక్కలో శుద్ధమైన మేనరికం. పదిమంది పిల్లలు పుట్టారు, ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. తన పెళ్లే పిల్లల ఆరోగ్యానికి చేటయిందేమోనని ఆయన జీవితాంతం బాధపడ్డాడు. 1871 జనాభా లెక్కల్లో దగ్గరి బంధువుల పెళ్లిళ్ల మీద ఒక ప్రశ్న పెట్టించాలని ప్రయత్నం కూడా చేయించాడు, పార్లమెంటు ఒప్పుకోలేదు. సరిగ్గా ఆ 1871లోనే అమెరికాలో లూయీ హెన్రీ మోర్గాన్ అనే లాయరు ప్రపంచ చుట్టరికాల మీద తన పెద్ద పరిశోధన అచ్చువేశాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా తెగవాళ్లు నాన్న తమ్ముణ్ణీ నాన్నే అంటారని ఆయన గమనించాడు. ఇక్కడున్న మిషనరీల ద్వారా తమిళ, తెలుగు, కన్నడ పిలుపులు తెప్పించుకుని చూస్తే ఎంత పోలికో! దాంతో వాళ్లు ఆసియా నుంచి వెళ్లినవాళ్లే అనడానికి ఇదే రుజువు అనుకున్నాడు. ఆ రుజువు నిలబడలేదు. ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేకుండానే మనుషులు చుట్టరికాన్ని ఇలా అమర్చుకోగలరు. కానీ అమర్చుకున్నాక మాత్రం, ఇది మనం అమర్చుకున్నది అని మరిచిపోతారు.

మరి అన్నీ సమానమేనా?

ఇప్పుడు ఎవరైనా లేచి అడగొచ్చు. "అయితే మాస్టారూ, ఎవరి ఆచారం వాళ్లకి గొప్ప, ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదు, అంతేనా?" అని. కాదు. నేను అలా అనడం లేదు. ఇది నేర్పినది అని తెలిస్తే పక్కింటివాళ్ల మీద తొందరపడి నోరు పారేసుకోం. అది సగం. మిగతా సగం ఏమిటంటే, నేర్పినదైతే మన ఇంటిదాన్ని కూడా పట్టి చూడొచ్చు. దేవుడిచ్చిందీ కాదు, రక్తంలో ఉన్నదీ కాదు. పట్టి చూడటానికి నాకు తెలిసిన ప్రశ్నలు రెండే. దీనివల్ల దెబ్బ ఎవరికి తగులుతోంది? ఆ మనిషిని ఎవరైనా అడిగారా?

మేనరికంలో మంచి లేదా? ఉంది. మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే ఉత్తర దక్షిణాల చుట్టరికాలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఉత్తరాదిలో ఆడపిల్ల ముక్కూ మొహం తెలియని ఊరికి, ముసుగులో, ఎవరూ తెలియని ఇంటికి వెళుతుంది. మన పిల్ల అత్తింటికి వెళితే అక్కడున్నది మేనత్తో, అమ్మమ్మో. చిన్నప్పుడు జడ వేసిన చెయ్యే. ఆ ఇంట్లో తలెత్తుకుని తిరుగుతుంది. దక్షిణాది స్త్రీకి కొంత వెసులుబాటు ఉండటానికి ఇదొక కారణమని పరిశోధకులు టిమ్ డైసన్, మిక్ మూర్ 1983లో వాదించారు. నేను దాన్ని కొట్టిపారెయ్యను. పసుపు కుంకుమల కింద ఆడపడుచుకి ఇచ్చిన పొలం, ఆవిడ కూతురు మళ్లీ మేనమామ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు వెనక్కి వస్తుంది. అదొక లెక్క. పెద్దవాళ్లకి ఈ లెక్క బాగా తెలుసు.

కానీ అమ్మాయిని అడిగారా? అమ్మలారా, మీరు చెప్పండి. ఆడపిల్ల పుట్టిన పురిటి మంచం దగ్గరే "మా వాడికి పెళ్లాం పుట్టింది" అన్న మాట మీలో ఎంతమంది విన్నారు? చేతులు చూస్తున్నాను. ఇంతమంది. ఆ పిల్ల పదహారేళ్లకి "నాకు మామయ్యంటే మామయ్యే, మొగుడని అనిపించడం లేదు" అంటే వినేవాళ్లు ఎవరు? అమ్మ వినదు, ఎందుకంటే అవతల ఉన్నది సొంత తమ్ముడు. అమ్మమ్మ వినదు, అవతల ఉన్నది కొడుకు. కాదంటే తోబుట్టువుల మధ్య రాకపోకలు తెగిపోతాయి, ఆ పాపం పిల్ల నెత్తిన. ఇక అక్కడ కాపురం చెడితే? వేరే ఇంట్లో ఇచ్చిన పిల్లకి పుట్టిల్లు ఉంది. మేనమామకి ఇచ్చిన పిల్లకి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే గుమ్మం. దెబ్బలు తగిలితే ఏ గుమ్మానికి వెళుతుంది? ఎవరికి చెప్పుకుంటుంది? నేను పాఠాలు చెప్పిన పిల్లల్లో ఈ బాధ పడినవాళ్లున్నారు. వాళ్ల సంగతి ఇక్కడ చెప్పను, అది వాళ్లది. కానీ జడవేసిన చెయ్యి అన్న మాట చెప్పినప్పుడల్లా వాళ్లు గుర్తొస్తారు.

పిల్లల ఆరోగ్యం సంగతి డాక్టరుగారు నాకన్నా బాగా చెబుతారు. మేనబావ, మేనమరదలు పెళ్లాడితే పుట్టే పిల్లల్లో పుట్టుకతో వచ్చే తీవ్రమైన జబ్బుల అవకాశం మామూలు కన్నా సుమారు రెట్టింపు. మేనమామా మేనకోడళ్లయితే ఇంకా దగ్గరి రక్తం. చాలామంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, అది కూడా నిజమే. ఇప్పటికే మేనరికం అయినవాళ్లు కంగారుపడక్కర్లేదు, పరీక్షలున్నాయి, చేయించుకోండి. కుమారిల భట్టు వాదించి కదిలించలేని ఆచారం, ఆసుపత్రిలో చెప్పిన ఈ ఒక్క మాటతో రెండు తరాల్లో కదిలిపోయింది. అది కూడా గమనించండి. విలువలు కదులుతాయి. ఎప్పటికీ ఇంతే అన్నది ఏదీ లేదు.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే చోటికి వస్తాను. వరస ఇంట్లోనే ఆగదు. ఊరంతా పాకుతుంది. రక్తసంబంధం లేకపోయినా వరస కలుపుకుంటాం. కూరగాయల బండి దగ్గర "బాబాయ్", బస్సులో పక్క సీటావిడ "పిన్నిగారూ", తెలంగాణ వైపు "కాకా", "అన్నా", "అక్కా". ఎంత చక్కటి అలవాటు! ముక్కూ మొహం తెలియని మనిషిని ఒక్క పిలుపుతో ఇంటిమనిషిని చేసుకుంటాం. ఇది మన భాష మనకిచ్చిన గొప్ప ఆస్తి అని మనస్ఫూర్తిగా నమ్ముతాను.

మరి ఆ పిలుపు ఎవరికి ఇవ్వలేదు? ఈ ప్రశ్న మనం ఎప్పుడైనా వేసుకున్నామా? నా చిన్నతనంలో మోతుబరి ఇంటి పదేళ్ల కుర్రాడు, పొలం పనికొచ్చిన అరవై ఏళ్ల మనిషిని "ఒరేయ్" అని పేరు విరిచి పిలిచేవాడు. ఆ పెద్దాయన "అయ్యగారూ" అని పలికేవాడు. వీధిలో అదే వయసు ఇంకో ముసలాయన కనిపిస్తే ఆ కుర్రాడే "తాతయ్యా" అనేవాడు. ఎవరు చెప్పారు వాడికి, ఈయన తాతయ్య, ఆయన ఒరేయ్ అని? మామయ్య కూతురికీ పిన్ని కూతురికీ తేడా చెప్పినవాళ్లే చెప్పారు. అదే నడవాలో, అదే వయసులో, అదే తీరుగా చెప్పారు. కులం ఫలానా అని ఆ పిల్లాడికి పాఠం చెప్పలేదు. పిలుపు నేర్పారు. ఆ పిలుపుతో పాటు ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరి కూతురి మానం మానం, ఎవరి కష్టం కష్టం అన్నదంతా వాడి ఒంట్లోకి దిగిపోయింది. పెద్దయ్యాక వాడు ఎన్ని పుస్తకాలు చదివినా, సమానత్వం మీద ఎంత బాగా పరీక్ష రాసినా, చెవి ముందే నేర్చేసుకుంది.

తెలంగాణలో "నీ బాంచన్ దొరా, కాల్మొక్తా" అన్న మాట తరతరాలు పలికించారు. వెట్టి చేసే మనిషి నోట ఆ మాట రావాలి, రాకపోతే దెబ్బలు. 1946 నుంచి 1951 దాకా రైతాంగం తిరగబడ్డప్పుడు భూమి కోసం ఎంత కొట్లాడారో, ఈ మాట అనకుండా నిలబడటం కోసమూ అంతే కొట్లాడారు. ఆ మాట అనడం మానేసిన నోరు మళ్లీ వంగలేదు. దళిత పేటల్లో పిల్లలు చదువుకుని ఉద్యోగాలకి వచ్చి, "మా నాన్నని గారు అని పిలవండి" అని అడిగారు. కొన్ని ఊళ్లలో ఆ ఒక్క మాట మీద తగాదాలు జరిగాయి. పిలుపే కదా, ఏముందిలే అనుకునేవాళ్లు ఆ తగాదాలు చూడలేదు. చూసినవాళ్లు అలా అనరు.

ఇప్పుడు మన ఇళ్లలో పిలుపులు మళ్లీ మారుతున్నాయి. మేనత్త, పిన్ని, పెద్దమ్మ, పక్కింటావిడ అందరూ ఆంటీలే. మామయ్యా, బాబాయీ అంకుళ్లే. బావల్నీ మరదళ్లనీ కలిపి "మా కజిన్స్" అంటున్నారు. మేనమామ కొడుక్కి రాఖీ కట్టే అమ్మాయిల్ని హైదరాబాదులో చాలా ఇళ్లలో చూస్తున్నాను. మా తరంలో బావకి రాఖీ కట్టడమంటే ఊహకి అందదు! ఆ పిల్లల్ని మేనరికం సంగతి అడిగితే వాళ్ల ముఖంలో కూడా ఇప్పుడు అదే "ఛీ" వస్తోంది. ఒక్క తరంలో వచ్చింది. మా వయసువాళ్లు కొందరు దీనికి బాధపడుతున్నారు, వరసలు పోతున్నాయని. నాకు బాధ లేదు. ఒక పిల్ల పుట్టిన రోజే ఇంకొకడి సొత్తు కాకుండా పోవడం మంచిదే. "పిన్నీ" అన్న పిలుపు పోతే మాత్రం బాధపడతాను, అందులో ఒక అమ్మ ఉంది కాబట్టి. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో మీరే తేల్చుకోవాలి. తేల్చుకునేటప్పుడు ఇంట్లో పనికొచ్చే ఆవిడని మీ పిల్లలు ఏమని పిలుస్తున్నారో ఒకసారి వినండి. వాచ్‌మన్‌ని ఏమని పిలుస్తున్నారో వినండి. ఆంటీ, అంకుల్ వాళ్లకి కూడా అందిందా, లేక అక్కడికి రాగానే ఆగిపోయిందా?

నా సమయం అయిపోయింది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట. ఇంతసేపూ ముస్లిం ఇళ్ల గురించి, క్రైస్తవ ఇళ్ల గురించి, పేటల గురించి నేనే మాట్లాడాను. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. మీ ఇంట్లో ఎవరిని ఏమని పిలుస్తారు, ఊళ్లో మిమ్మల్ని ఏమని పిలిచేవారు, అది మీరు చెబితే మేం వినాలి. మూడో వరసలో ఆ అమ్మాయి ఇందాకటినుంచీ చెయ్యెత్తుతోంది. మైకు అటు ఇవ్వండి.